విని తిట్టండి

మీరే చేశారు. ఇంకెవరో కాదు. జిల్లా సంగీతం పోటీలకు రూలు రాసిన పెద్దమనుషులారా, వేదిక మీద ముప్పైమంది పిల్లలు కనబడితేనే పూర్తి మార్కులని తేల్చింది మీరే. ఆ రూలు చంకన పెట్టుకుని బడుల చుట్టూ తిరిగిన ఇన్‌స్పెక్టర్లు, "మన బడి పరువు" అంటూ సంగీతం మాస్టార్ల నెత్తినెక్కిన హెడ్మిస్ట్రెస్‌లు, ముందు వరసలో కూర్చుని ఫోన్లు పైకెత్తి చప్పట్లు కొట్టిన తల్లిదండ్రులు, అందరూ కలిసే చేశారు. పిల్లలు ఒళ్ళో పెట్టుకుని మీటే మూడు తీగల కోముజ్‌ల నోట్లో కంబళి గుడ్డలు కుక్కారు. కుక్కి, "బారకెల్దీ! శభాష్!" అని వీపు తట్టారు. పిల్లల్ని కొట్టలేదు కదా, తిట్టలేదు కదా, ఇంకేం పాపం చేశామంటారా? అయితే కనిషాయ్ సంగతి వినండి.

ఏప్రిల్ ఆఖరు. మంచు కిర్గిజ్ కొండల నడుందాకా వెనక్కి పోయింది గాని వీధుల్లో బురద అలాగే ఉంది. పై ఊరి బడిలో సంగీతం గది గుమ్మం బయట బురదబూట్లు గుట్టగా పడున్నాయి. లోపల పిల్లలు బెంచీల మీద ఒళ్ళో కోముజ్‌లు పెట్టుకుని కూర్చున్నారు. సంగీతం మాస్టారు తొలోముష్ అగాయ్ బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకుని వరసలమ్మట వస్తున్నాడు. డబ్బాలో బిస్కెట్లు లేవు, వేలెడేసి కంబళి ముక్కలున్నాయి. రెండో చేతిలో వెన్న రాసే మొద్దుకత్తి.

"ఏదీ, నోరు తెరువు," అన్నాడు ఎల్దోస్ అనే కుర్రాడి కోముజ్‌తో, పళ్ళ డాక్టరులాగా. మూడు తీగల్నీ వేళ్ళతో పైకి లేపి, వాటి కిందకి కంబళి ముక్క తోసి, మొద్దుకత్తితో లోపలికంటా నొక్కాడు. తీగ మీటి చూశాడు. తప్ తప్‌మంది, తడిసిన బూటు మెట్టు మీద పెట్టినట్టు. "ఆఁ, ఇప్పుడు హాయిగా ఉంది."

"నొప్పిగా ఉందంటోంది అగాయ్," అన్నాడు ఎల్దోస్.

"నువ్వు వాయిస్తే నాకుండే నొప్పి కంటే తక్కువే లేరా. నువ్వు వాయించేది పొట్టేలు పాట కాదు, మోటారుసైకిలు."

గదంతా నవ్వింది. ఎల్దోస్ కూడా నవ్వాడు. తొలోముష్ అగాయ్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిరగబడటం తేలిక. ఈయన లావుపాటి మనిషి, జేబులో ఎప్పుడూ ఎండు ఆప్రికాట్లుంటాయి, పిల్లల పుట్టినరోజులు పేరుపేరునా గుర్తుంటాయి. ఆయన డబ్బా పట్టుకుని వస్తుంటే పిల్లలే కోముజ్‌లు ముందుకు చాస్తారు.

కనిషాయ్ వంతు వచ్చింది. ఏడో తరగతి పిల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది, జడ భుజం మీంచి ముందుకేసుకుని కూర్చుంది. అగాయ్ ఆమె కోముజ్‌కి మందపాటి ముక్క ఏరాడు. ఈ పిల్లకో జబ్బుంది. తప్పు పోతే ఆగుతుంది, వెనక్కెళ్ళి దాన్ని సరిచేసుకుని గాని ముందుకు రాదు. ఒక్కతే వాయించుకుంటే ఎవరికీ బాధ లేదు. ముప్పైమందిలో ఒకరు వెనక్కెళితే మిగతావాళ్ళంతా ఆమె మీద పడతారు. అందుకని ఆకురాలు కాలంలోనే ఆమె నోరు మూసేశాడు. ఆ తర్వాత వింత జరిగింది. తీగ పలకదు కాబట్టి తప్పు వినబడదు, తప్పు వినబడదు కాబట్టి చేతికి భయం పోయింది. కోముజ్ వాయించడమంటే సగం చేతుల ఆటే కదా. పాటలో పొట్టేలు దొడ్డి దూకుతుంటే కుడిచెయ్యి గాల్లో దూకాలి, కొండెక్కుతుంటే కోముజ్ భుజమెక్కాలి, తన నీడ చూసి తనే బెదిరితే వాయిద్యం తలకిందులై మోకాళ్ళ మీద పడాలి. ఇదంతా కనిషాయ్ చేస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. అగాయ్ ఆమెని తీసుకొచ్చి ముందు వరసలో సరిగ్గా నడిమధ్యన కూర్చోబెట్టాడు.

"మొదలెట్టండి! తుంటరి పొట్టేలు!"

పొట్టేలు దొడ్డి దూకింది. అగాయ్ చెవి ఒగ్గి, ఒక్కసారిగా చెయ్యెత్తి ఆపాడు.

"సంజార్! నీ ఉంగరపువేలు చచ్చిందట్రా? శవాన్ని ఎన్నాళ్ళు మోస్తావు? పాతిపెట్టు, లేకపోతే పని చేయించు. కింది తీగ మూలగాలి. నువ్వు తుమ్మిస్తున్నావు. మళ్ళీ!"

కంబళి పడని కొద్దిమందిలో ఒకడైన సంజార్ చెవులెర్రబడ్డాయి. మళ్ళీ వాయించాడు. అగాయ్ వాడి పక్కన గొంతుకూర్చుని, వాడి వేలు తన వేళ్ళతో పట్టుకుని, తీగ మీద ఎక్కడ ఆనాలో అక్కడ ఆనించాడు. "ఇదిగో, ఇక్కడ. చర్మం కాదు, ఎముక ఆనాలి. విన్నావా? ఆఁ!"

కనిషాయ్ ఇదంతా ఓరగా చూస్తోంది. ఆకలిగా ఉన్నప్పుడు పక్కింటి పొయ్యి మీద వేగుతున్న రొట్టెని చూసినట్టు చూస్తోంది. అగాయ్ లేచాడు. ఆమె ముందుకొచ్చాడు. ఆమె వీపు నిటారుగా అయింది.

"బారకెల్దీ తల్లీ! అవి చేతులా? కొంగలు!" అని తల నిమిరి, ఎండు ఆప్రికాట్ ఒకటి చేతిలో పెట్టి, ముందుకెళ్ళిపోయాడు.

"మాకూ తిట్ల రోజు ఎప్పుడొస్తుందో," గొణిగాడు వెనకనుంచి ఎల్దోస్. కంబళి పిల్లలు తమకి తామే ఒక పేరు పెట్టుకున్నారు, బారకెల్దీ జట్టు అని. జట్టులో ఎవ్వరికీ తిట్లు పడవు.

కనిషాయ్ ఆప్రికాట్ నోట్లో వేసుకుంది. తియ్యగానే ఉంది. మింగుడు పడలేదు.

ఇంటికెళ్ళేసరికి నాయనమ్మ బుర్మాకాన్ పెరట్లో కంబళి తొక్కిస్తోంది. రెల్లుచాప మీద ఉన్ని పరిచి, వేణ్ణీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టచుట్టి తాళ్ళు కట్టారు. కనిషాయ్ తండ్రి తాలాయ్, పక్కింటి కోడలు దాన్ని కాళ్ళతో దొర్లిస్తున్నారు. ముసలామె తలకి తెల్లగుడ్డ గట్టిగా బిగించి, ముక్కాలిపీట మీద రాణిలా కూర్చుని అజమాయిషీ చేస్తోంది. చెవులు దాదాపు వినబడవు. నోటికి ఆ లోటు లేదు.

"తాలాయ్! కాలా అది, కర్రా? మీ నాన్న చచ్చిపోయే ముందు రోజు కూడా ఇంతకంటే గట్టిగా తన్నాడు!"

"నన్ను తన్నాడు, కంబళిని కాదు," అన్నాడు తాలాయ్. ఆమెకి వినబడలేదు, పక్కింటి కోడలికి వినబడి పొర్లి పొర్లి నవ్వింది.

కనిషాయ్ సంచిలోంచి కోముజ్ తీసి నాయనమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "చోన్ అపా! ఎల్లుండి పోటీ! బాతా ఇవ్వు!"

పదిమంది ముందు మొదటిసారి వాయించబోయే పిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళ దీవెన లేకుండా గడప దాటదు. ముసలామె ముఖం విప్పారింది. కంబళి పని ఆపించింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

"వాయించు మరి. వాయించకుండా బాతా ఏమిటి?"

కనిషాయ్ వాయించింది. కంబళి ముక్క లోపలే ఉంది. తీద్దామనుకుంది, ఎలాగూ చెవుడే కదా అనుకుని తీయలేదు. చెయ్యి గాల్లో దూకింది, కోముజ్ భుజమెక్కింది, మోకాళ్ళ మీద తలకిందులైంది. పక్కింటి కోడలు నోరు తెరుచుకుని చూసింది. బుర్మాకాన్ మాత్రం ముందుకు వంగి, కోముజ్ వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఇది పలకడం లేదు."

"నీకు వినబడదు కదా అపా!" అరిచాడు తాలాయ్.

"చెవికి వినబడదు. చేతికి చెవుడు రాలేదు. ఏ గొర్రె కడుపులో పిల్ల బతికుందో లేదో చూడమని ఊరంతా ఈ చెయ్యే పట్టుకుంటారు." వేలు తీగల కింద దూర్చి, గోటితో కంబళి కొస పట్టుకుని బయటికి లాగింది. అటూ ఇటూ తిప్పి చూసింది. ముదురు గోధుమరంగు. "ఇది నా ఉన్నే."

కనిషాయ్ తల దించుకుంది. మొన్న ఆకురాలు కాలంలో అగాయ్ అడిగితే నాయనమ్మ తివాచీల దగ్గర మిగిలిన ముక్కలన్నీ మూటగట్టి తనే పట్టుకెళ్ళింది.

"నా కంబళికి నేనే బాతా ఇచ్చుకోమంటావా?" అంది ముసలామె. "ఇప్పుడు వాయించు."

కనిషాయ్ వాయించింది. ఇప్పుడు తీగ పలికింది. పొట్టేలు దొడ్డి దూకబోయింది. మధ్య తీగ బొయ్‌మంది. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మొదలు. పొట్టేలు మళ్ళీ దూకబోయింది. బొయ్. మళ్ళీ మొదలు.

"ఇవాళ దొడ్డి దాటేలా లేదు, గడ్డి వెయ్యనా?" అన్నాడు తాలాయ్.

కనిషాయ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముసలామె అరచెయ్యి ఇంకా కోముజ్ మీదే ఉంది. "బతికే ఉంది. కాళ్ళు ఆడిస్తోంది," అంది కోముజ్ గురించి, గొర్రెపిల్ల గురించి అన్నట్టు. కాని దీవెనకి చేతులు చాచలేదు. "మొత్తం పలికించిన రోజు ఇస్తా. సగం వాయింపుకి సగం బాతా ఇవ్వడం నాకు రాదు. ఏడవకు. ముక్కు తుడుచుకో. వచ్చి కంబళి తన్ను, మీ నాన్న వల్ల కావడం లేదు."

మర్నాడు కనిషాయ్ బడి గంటకంటే ముందే సంగీతం గదికి వెళ్ళింది. తొలోముష్ అగాయ్ కిటికీలో కూర్చుని ఒక్కో కోముజ్ శ్రుతి చేస్తున్నాడు. పక్కన చల్లారిన పాలటీ. కంబళి కుక్కిన కోముజ్‌లకి ఆయన శ్రుతి చెయ్యడం లేదు. ఊరికే తుడిచి పక్కన పెడుతున్నాడు. కనిషాయ్ అది చూసింది.

"అగాయ్, నా వాయింపు ఒక్కసారి వినరూ?"

"విననక్కర్లేదు తల్లీ. నువ్వు మన బడి నగవి."

"మీరు విని చాలా రోజులైంది."

"చూస్తూనే ఉన్నాగా రోజూ!"

"చూడటం కాదు అగాయ్. వినడం. సంజార్‌ని విన్నట్టు."

ఆయన శ్రుతి బిరడా తిప్పడం ఆపాడు. "సంజార్‌ని తిడుతున్నా కదే. నిన్నెప్పుడైనా ఒక్కమాటన్నానా?"

"అనలేదు," అంది కనిషాయ్. "అదే..."

మాట పూర్తికాకముందే తలుపు తోసుకుని హెడ్మిస్ట్రెస్ రాకియా ఎజె వచ్చింది. ఆమె వెనక ఫుట్‌బాల్ చొక్కాలేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, మోకాళ్ళదాకా బురద.

"తొలోముష్, నీ లెక్కలో ఇద్దరు తగ్గారు. ఒకడికి గవదబిళ్ళలు, ఒకత్తి అక్క పెళ్ళికి పోయింది. వీళ్ళని తీసుకో."

"వీళ్ళు కోముజ్ ముట్టుకోలేదు ఎజె!"

"ముట్టుకోవడం నేర్పు. వాయించమని ఎవరన్నారు? ముప్పై ఉండాలి. తగ్గితే మార్కులు పోతాయి, మార్కులు పోతే ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడేది నేను, నువ్వు కాదు." వాచీ చూసుకుని వెళ్ళిపోయింది.

అగాయ్ నిట్టూర్చి డబ్బా మూత తీశాడు. కుర్రాళ్ళిద్దరికీ మందపాటి ముక్కలు పడ్డాయి. వాళ్ళలో గోల్‌కీపరు, అందరూ గోలీ అనేవాడు, కోముజ్‌ని రెండు చేతుల్తో పొట్టకి హత్తుకున్నాడు, బంతి పట్టినట్టు. "ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. అందరూ ఎత్తితే ఎత్తు, దించితే దించు," అన్నాడు అగాయ్. గోలీ చెయ్యి ఎత్తాడు, వెనక బీరువా మీదున్న గ్లోబు కిందపడింది.

"బారకెల్దీ!" అన్నాడు అగాయ్, అలవాటుగా.

కనిషాయ్‌కి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అదే మాట. నిన్న తనకి చెప్పిన మాటే. గ్లోబు పడేసినవాడికీ అదే, తనకీ అదే. ఆయన తన చేతుల్ని మెచ్చుకుంటున్నాడనుకుంది ఇన్నాళ్ళూ. ఆయన మెచ్చుకుంటున్నది నిశ్శబ్దాన్ని. ఆమె కోముజ్ తీసుకుని తన బెంచీ మీద కూర్చుంది. డబ్బా ఆమె దగ్గరికీ వచ్చింది, మళ్ళీ మందపాటి ముక్క పడింది.

పోటీ రోజున జిల్లా కేంద్రంలో సంస్కృతి భవనం కిటకిటలాడింది. మెట్ల మీద పిండి ఉండలు, బోర్సోక్‌లు వేయించి అమ్ముతున్నారు. నూనెవాసన లోపలి తెరలదాకా వస్తోంది. ఒక్కో బడీ వేదికెక్కుతోంది, ముప్పై ముప్పైమంది, ఒకే రంగు చొక్కాలు, ఒకేలా లేచే చేతులు. పక్కలోయలో చిన్న బడి నుంచి మాత్రం అయిదుగురు పిల్లలొచ్చారు. శ్రుతి తప్పుతూ, ఒకరినొకరు తరుముకుంటూ వాయించి దిగిపోయారు. మార్కులేసేవాళ్ళ బల్ల మధ్యన తెల్ల తలపాగాతో పెద్దావిడ కూర్చుంది. సూరాకాన్ ఎజె. కోముజ్ చేతబట్టిన ప్రతివాళ్ళకీ ఆమె పేరు చెబితే వెన్ను నిటారవుతుంది. అయిదుగురు పిల్లలు వాయించినప్పుడు మాత్రమే ఆమె పెన్ను కిందపెట్టి విన్నది. అది ఎవరూ గమనించలేదు.

పై ఊరి బడి వంతు వచ్చింది. పొట్టేలు దొడ్డి దూకింది, కొండెక్కింది, బెదిరింది. ముప్పై చేతులు ఒక్కసారి గాల్లోకి లేచాయి. గోలీ చెయ్యి ఒకటి అరక్షణం ఆలస్యంగా లేచింది, పోనివ్వండి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెరచాటున తొలోముష్ అగాయ్ నుదురు తుడుచుకున్నాడు.

చప్పట్లు తగ్గాక సూరాకాన్ ఎజె వేలెత్తింది. "మధ్యలో ఆ జడపిల్ల. అవును, నువ్వే. నీ పేరేంటమ్మా?"

"కనిషాయ్."

"ఈ లోయలో ఇట్లాంటి చేతులు చూసి చాన్నాళ్ళైంది. ముప్పైమంది మోతలో నీ వాయింపు నాకు విడిగా అందలేదు. అదే పాట ఒక్కదానివీ వాయించు, విందాం."

పెద్దవాళ్ళు వాయించమంటే కాదనడం ఏ కిర్గిజ్ పిల్లకీ ఉండదు. హాలంతా సర్దుకుని కూర్చుంది. ముందు వరసలో తాలాయ్ ఫోను పైకెత్తాడు, పక్కన బుర్మాకాన్ ఏం జరుగుతోందని వాడి మోచెయ్యి లాగుతోంది. వేదిక మీద ముప్పైమందీ రాళ్ళైపోయారు. ఎల్దోస్ మాత్రం గుసగుసలాడాడు. "అయిపోయాం. మూర్ఛపో. నువ్వు పోకపోతే నేను పోతా."

తెర పక్కనుంచి తొలోముష్ అగాయ్ దాదాపు పరుగెత్తుకొచ్చాడు. ముఖాన నవ్వు పులుముకున్నాడు. "సూరాకాన్ ఎజె, క్షమించాలి, ఈ పిల్ల తీగ ఇప్పుడే తెగింది," అంటూ కనిషాయ్ మీదికి వంగి, చూపుడువేలు పై తీగ కిందికి పోనిచ్చి, దాన్ని తెంపడానికి గోరు బిగించాడు. "మాట్లాడకు తల్లీ," అన్నాడు పెదవులు కదపకుండా. "పాపం, నువ్వు తట్టుకోలేవు."

ఆయన నిజంగా ఆమెని కాపాడుతున్నాననే అనుకున్నాడు. అది ఆమెకి తెలుసు. ఒక్క క్షణం ఆ గోటికిందే దాక్కుందామనిపించింది. తీగ తెగితే చాలు, అందరూ అయ్యో అంటారు, మళ్ళీ బారకెల్దీ అంటారు, ఇంటికెళ్ళిపోవచ్చు.

"తెగలేదు అగాయ్," అంది కనిషాయ్. ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి తీసింది. తీగలు లేపి, గోళ్ళతో కంబళి ముక్క లాగింది. గట్టిగా కుక్కింది కాబట్టి ఒకపట్టాన రాలేదు. వంగి పళ్ళతో లాగింది. వచ్చింది. దాన్ని వేదిక అంచున పెట్టింది, చచ్చిన ఎలుకని పెట్టినట్టు.

సూరాకాన్ ఎజె లేచి, వేదిక దగ్గరికి నడిచొచ్చి, ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. "వాయించు," అంది.

శ్రుతి లేదు. ఆమె కోముజ్‌కి ఎవరూ శ్రుతి చెయ్యలేదు కదా. కనిషాయ్ బిరడాలు తిప్పి తనకి చేతనైనట్టు చేసుకుంది. అదే ఎంతోసేపనిపించింది. మొదలెట్టింది. పొట్టేలు దొడ్డి దూకబోయింది. బొయ్. చెయ్యి ఆగింది. వెనక్కెళ్ళింది. మళ్ళీ బొయ్. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తాలాయ్ ఫోను దించేశాడు.

"ఆగు," అంది సూరాకాన్ ఎజె.

కనిషాయ్ ఆగింది.

"చెయ్యెందుకు ముందే ఎగరేస్తున్నావు? తీగ పలకనీ. పలికాక ఎగరాలి చెయ్యి. నువ్వు ఎగరాలన్న తొందరలో మధ్య తీగని సగం మీటి వదిలేస్తున్నావు. అన్నం పెట్టకముందే చెయ్యి కడుక్కుని లేచిపోతావా?" వేదిక మెట్టెక్కి పిల్ల పక్కన కూర్చుంది. మణికట్టు పట్టుకుంది. "ఇక్కడ బరువు పెట్టు. ఇక్కడ. ఊఁ. ఏమిటీ భుజం, కోడిపుంజులా? దించు. ఇంకోటి. తప్పు పోతే వెనక్కెందుకు పరుగెత్తుతావు? ఎక్కడైనా పొట్టేలు వెనక్కి నడుస్తుందా? పోయిందాన్ని పోనీ. మళ్ళీ!"

కనిషాయ్ వాయించింది.

"కాదు!"

మళ్ళీ వాయించింది.

"కాదు కాదు! బొటనవేలు ఎందుకు దాచుకుంటున్నావు, దొంగిలించిందా అది? బయటికి రానీ!"

నిండు సభలో పిల్లని కడిగేస్తోంది ముసలావిడ. తల్లులు నోళ్ళు నొక్కుకున్నారు. రాకియా ఎజె రుమాలు నములుతోంది. తొలోముష్ అగాయ్ ముఖం చేతుల్లో దాచుకుని వేళ్ళ సందుల్లోంచి చూశాడు, పిల్ల ఎంత ఏడుస్తోందోనని.

కనిషాయ్ నవ్వుతోంది. చెవులు ఎర్రబడ్డాయి, సంజార్ చెవుల్లాగే. నుదుటిమీద చెమట. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఒక్కో తిట్టూ పడుతుంటే ఎండిన చేనుకి నీళ్ళు పడినట్టు వీపు లేస్తోంది. నాలుగోసారో అయిదోసారో మధ్య తీగ గణగణమంది. పలికింది. అప్పుడు లేచింది చెయ్యి. పొట్టేలు దొడ్డి దూకింది. తర్వాత కొండ మీద రెండుచోట్ల తప్పు పోయింది. చెయ్యి వెనక్కి లాగింది. ఆమె పోలేదు. తప్పులు తప్పులుగానే వదిలేసి ముందుకే వెళ్ళింది, చివరిదాకా వెళ్ళింది.

చప్పట్లు ఎప్పుడు మొదలవ్వాలో జనానికి తెలియలేదు. ముందుగా కొట్టింది సంజార్.

"బాగులేదు," అంది సూరాకాన్ ఎజె లేస్తూ. "కాని నువ్వే వాయించావు." అరచేతిలో కంబళి ముక్క చూపించింది. "ఇంకెవరి దగ్గరున్నాయి ఇవి?"

ముందు ఎల్దోస్ తీశాడు. తర్వాత వెనక వరస. గోలీ ముక్క ఎక్కడుందో తెలియక కోముజ్ తలకిందులు చేసి దులిపాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే హాలు వెనకనుంచి, వేరే బడి పిల్లల్లోంచి, ఎవరో అడిగారు. "స్పాంజి కూడా లెక్కేనా ఎజె?" ఇంకో మూలనుంచి "మాది సాక్స్!" వేదిక అంచున కుప్ప పెరిగింది. రంగురంగుల కుప్ప, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఇన్‌స్పెక్టరుగారు ఆ సమయానికి ఫోనొచ్చిందని బయటికెళ్ళారు. కుప్పలో ముక్క వెయ్యని బడి ఒక్కటే మిగిలింది, మొదటి బహుమతి శ్రుతి తప్పిన ఆ అయిదుగురికీ వెళ్ళింది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో తొలోముష్ అగాయ్ డ్రైవరు పక్కన కూర్చుని గుంతల్ని లెక్కపెడుతున్నట్టు రోడ్డుకేసి చూస్తున్నాడు. కనిషాయ్ సీటు మారి ఆయన వెనక కూర్చుంది.

"కోపమొచ్చిందా అగాయ్?"

"నీ మీదా?" ఆయన వెనక్కి తిరగలేదు. "నీ చెయ్యి ముందే ఎగురుతుందని నాకు తెలీదు తల్లీ. వినాల్సినవాణ్ణి, నాకు తెలీదు."

"రేపు వింటారా?"

"రేపా? రేపు రాకియా ఎజె నన్ను వేయించుకు తింటుంది."

"తిన్నాక వినండి," అన్నాడు వెనకనుంచి ఎల్దోస్.

విన్నాడు. ఆ మాట చెప్పుకోవాలి. మర్నాడు సంగీతం గదిలో బిస్కెట్ల డబ్బా ఖాళీగా ఉంది. కంబళి పిల్లల్ని ఒక్కొక్కర్నే ముందుకు పిలిచి, శ్రుతి చేసి, వాయించమన్నాడు. దేవుడా, ఆ సాయంత్రం ఆ గదిలోంచి వచ్చిన మోతకి వీధిలో కుక్కలు లేచిపోయాయి. "ఎల్దోస్, ఎక్కడికిరా ఆ పరుగు, ఇల్లు తగలబడిందా?" "నువ్వు తీగని గిల్లుతున్నావు, మీటు!" పిల్లలు బూట్లు తొడుక్కుంటూ గుమ్మంలో పంచుకున్నారు. "నన్ను మూడు తిట్లు తిట్టాడు." "నన్ను అయిదు!" "నాకు వేలు పట్టుకుని చూపించాడు, నీకు చూపించాడా?" గోలీ కూడా వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే. వాడికి తొమ్మిది.

ఆఖరున కనిషాయ్ అంది, "అగాయ్, మీకు కూడా ఒకటి చెప్పాలి. కొండెక్కే దగ్గర మీరు తాళం పరుగెత్తిస్తారు. మేం అందుకోలేం."

అగాయ్ కళ్ళు చిట్లించాడు. తన కోముజ్ తీసి ఆ ముక్క వాయించుకున్నాడు. మళ్ళీ వాయించుకున్నాడు. "అవునే," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి ఆప్రికాట్ తీసి ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు తనే నోట్లో వేసుకున్నాడు.

ఇంటి దగ్గర బుర్మాకాన్ అరచెయ్యి మళ్ళీ కోముజ్ వీపు మీద ఆనింది. పొట్టేలు చివరిదాకా వెళ్ళింది, రెండుచోట్ల కుంటుతూ. ముసలామె చెయ్యి తీసి, రెండు అరచేతులూ చాచింది. "నీ తీగ తెగకుండా ఉండాలి. నీ చెయ్యి ఎండకుండా ఉండాలి. నిన్ను తిట్టేవాళ్ళు నూరేళ్ళు బతకాలి. ఓమీన్." చేతులతో ముఖం తుడుచుకుంది. "రెండుచోట్ల కుంటింది. రేపు కుంటకూడదు."

కథ ఇక్కడ ఆపేస్తే మీరంతా హాయిగా నిట్టూర్చి పేజీ తిప్పేస్తారు. అందుకే ఆపను. ముప్పైమంది రూలు ఇంకా అలాగే ఉంది. వచ్చే ఏడాది పోటీలకి అదే రూలు మళ్ళీ బడులకి చేరింది. రాకియా ఎజె దాన్ని స్టాఫ్‌రూములో గోడకి అంటించింది. తొలోముష్ అగాయ్ దాని ముందు నిలబడి తల గోక్కున్నాడట.

ఆ రూలు కొట్టెయ్యండి. ఇవాళే కొట్టెయ్యండి. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురినే వేదికెక్కించండి. రేపు పొద్దున బడి తెరవగానే ప్రతి సంగీతం గదిలో ప్రతి వాయిద్యం తీగల కింద వేలు పెట్టి చూడండి, దొరికిందల్లా లాగిపారెయ్యండి. తల్లులారా, తండ్రులారా, ఫోన్లు దించి చెవులు ఎత్తండి. మాస్టార్లూ, మీ బారకెల్దీలు మీ జేబుల్లోనే ఉంచుకోండి. పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి కూర్చోబెట్టండి. ముందు వినండి. మెచ్చుకుంటారో, తిడతారో, ఆ తర్వాత మీ ఇష్టం.